‘లక్ష్మి’లో ఎన్ని అక్షరాలు? — ఒక వేసవి శిక్షణ అనుభవం

(చివరి సంవత్సరం విద్యార్థిని, కంప్యూటరు సైన్సు శాఖ)

‘లక్ష్మి’ అనే పేరులో ఎన్ని అక్షరాలున్నాయని మా నాయనమ్మనడిగితే ఠక్కున రెండంటుంది. ‘ల’ ఒకటి, ‘క్ష్మి’ ఒకటి. అదే ప్రశ్న మన ల్యాబులో పైథాన్ భాషలో వేస్తే ఏడు అని జవాబు వస్తుంది. సి భాషలో, మామూలుగా మనం మొదటి సంవత్సరంలో రాసే పద్ధతిలో అడిగితే ఇరవై ఒకటి అంటుంది. క్రిందటి వేసవిలో, అంటే 2025 మే, జూన్ నెలల్లో, నేను శిక్షణకు వెళ్ళిన కంపెనీలో వాడుతున్న ఒక పాత లైబ్రరీని అడిగితే నాలుగంది! ఎవరి లెక్క ప్రకారం వారు చెప్పినది సరైనదే. ఏ పనికి ఏ లెక్క వాడాలో తెలియక నేను నాలుగువందల పన్నెండు మంది పేర్లు పాడుచేశాను. ఆ సంగతే ఈ వ్యాసం.

సంచిక సంపాదకులు ‘శిక్షణ అనుభవాలు రాయండి’ అన్నప్పుడు మొదట వద్దనుకున్నాను. మనవాళ్ళు ఇంటర్న్‌షిప్ అనగానే అడిగే ప్రశ్నలు రెండే: ఎంత ఇచ్చారు, చివరికి ఉద్యోగం ఇస్తామన్నారా. రెండింటికీ ముందే జవాబు చెప్పేస్తాను. నెలకు పన్నెండు వేలిచ్చారు. అయ్యప్ప సొసైటీలో ఆడపిల్లల హాస్టలుకి ఏడున్నర వేలు పోగా మిగిలినదాంట్లో మెట్రో, టిఫిను, ఆదివారం బిర్యానీ. ఉద్యోగం మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఎందుకు అడగలేదో చదివితే మీకే తెలుస్తుంది.

నేను వెళ్ళినది నలభైమంది పనిచేసే చిన్న సంస్థ. మాదాపూర్‌లో, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్‌కు నడిచిపోయేంత దూరంలో, ఒక అపార్ట్‌మెంటు లాంటి భవనం మూడో అంతస్తులో వుంటుంది. ఆస్పత్రులకు కావలసిన ప్రోగ్రాములు తయారుచేస్తారు: రోగుల నమోదు, చీటీల ముద్రణ, మళ్ళీ రావలసిన తేదీలు గుర్తుచేసే సందేశాలు, ఇలాంటివి. మా బృందానికి ఒకావిడ నాయకురాలు. తొలిరోజే ‘మేడమ్ అనకు, ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుస్తారు’ అన్నారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. రెండో రోజుకి ‘అక్కా’ దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

మొదటి పదిరోజులు నేను ఒక్క లైను కూడా రాయలేదంటే జూనియర్లు నమ్మరు. అప్పటికే లక్ష లైన్ల పైచిలుకు వున్న ప్రోగ్రామును చదవడమే పని. మన ల్యాబుల్లో ఎప్పుడూ తెల్లకాగితం మీద మొదలుపెడతాం. రికార్డు పూర్తయితే ఆ ప్రోగ్రాము ముఖం మళ్ళీ చూడం. అక్కడ ఎవరో ఆరేళ్ళ క్రితం రాసి వెళ్ళిపోయిన ముక్కను, ఇంకెవరో మూడేళ్ళ క్రితం సరిదిద్దితే, దాన్ని కదపకుండా పక్కన ఇంకో ముక్క పెట్టాలి. దానికి ‘గిట్’ అనే పనిముట్టు వాడతారు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు పనికోసం తయారుచేసినది. ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చెప్పి మార్చారో అన్నీ అందులో దొరుకుతాయి. మనం ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘అసలు ఫైనల్’ అని పేర్లు పెట్టి పెన్‌డ్రైవులో దాచుకునే ఫైళ్ళకు ఇది మందు. మన సిలబస్‌లో దీనికి ఒక్క గంటయినా కేటాయించాలని శాఖాధిపతిగారికి ఈ సంచిక ద్వారా మనవి చేసుకుంటున్నాను.

మూడో వారంలో నాకు మొదటి పని ఇచ్చారు. నల్లగొండ వైపు ఒక పట్నంలోని కంటి ఆస్పత్రిలో ఈ ప్రోగ్రామును ప్రయోగాత్మకంగా నడుపుతున్నారు. పల్లెల్లో శిబిరాలు పెట్టి, శుక్లాలున్న వాళ్ళను తీసుకొచ్చి ఆపరేషన్లు చేసే ఆస్పత్రి. పేర్లు తెలుగులోనే నమోదు చేస్తారు. ఎందుకంటే వచ్చేవాళ్ళలో చాలామంది తెలుగే చదువుతారు, లేదా చదివించుకుంటారు. తన చీటీ తనదో కాదో చూసుకోవాలిగదా. ఫైలు అట్టమీద అంటించే చిన్న లేబులుమీద పొడుగు పేర్లు పక్కకు కారిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ‘పేరును పదిహేనుకు కుదించు’ అన్నారు.

అరగంట పని. ఈనాడు అందరి దగ్గరా వున్న కృత్రిమ మేధ సహాయకుణ్ణి అడిగితే అర నిమిషంలో రాసి ఇచ్చింది. నేను చదివాను, అర్థమయింది, బాగుందనిపించింది. పరీక్షించడానికి పది పేర్లు ఇచ్చాను. అన్నీ ఇంగ్లీషు పేర్లు! ఎందుకంటే నా కీబోర్డుమీద ఇంగ్లీషే వుంది. అక్క ఆ రోజు సెలవు. ఇంకొకాయన పైపైన చూసి ‘ఓకే’ కొట్టారు. రెండురోజుల తర్వాత ఆస్పత్రినుంచి ఒక ఫోటో వచ్చింది. లేబులుమీద ‘వెంకటసుబ్బలక్ష్’ అని వుంది. మిగతా పేరు లేదు.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు. చదువరులు, ముఖ్యంగా సైన్సు చదవని మిత్రులు, ఓపిక పట్టాలి.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1963లో అమెరికాలో ‘ఆస్కీ’ అనే ఒప్పందం చేసుకున్నారు. ప్రతి ఇంగ్లీషు అక్షరానికి ఒక అంకె; అన్నీ కలిపి 128. మనం సి భాషలో ‘పేరుకు ఇరవై స్థానాలు’ అని రాసే అలవాటు అక్కడిది: ఒక అక్షరం, ఒక స్థానం, ఒక బైటు. మూడూ ఒకటే. ఇంగ్లీషులో ఈ మూడూ ఒకటి కావడంవల్లనే అవి వేరువేరని మనకెవరూ చెప్పరు.

తర్వాత ప్రపంచంలోని లిపులన్నింటికీ కలిపి యూనికోడ్ వచ్చింది. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు వుంది. తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. మన గుణింతాలు, వత్తులు అన్నీ లెక్కవేస్తే వేలల్లో తేలతాయి, అవన్నీ అందులో ఎలా పడతాయి? పట్టవు. అందుకని ముక్కలు మాత్రమే పెట్టారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్న, పొల్లు. వీటిని వరుసగా పేరిస్తే తెరమీద అక్షరం కూర్చుకునే బాధ్యత ఫాంటుది. వత్తుకు వేరే గుర్తు లేదు. హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు వస్తే అది వత్తవుతుంది. అచ్చం మనం చిన్నప్పుడు ‘క కు షకార వత్తిస్తే క్ష, దానికి మకార వత్తిస్తే క్ష్మ, గుడిస్తే క్ష్మి’ అని వల్లించినట్లే. కాబట్టి ‘లక్ష్మి’ అంటే కంప్యూటరులో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు. పైథాన్ చెప్పిన ఏడు ఇదే.

మరి ఇరవై ఒకటి? ఈ గుర్తులను దాచేటప్పుడు యు.టి.ఎఫ్.-8 అనే పద్ధతి వాడతారు. కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992లో రూపొందించారు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటే పడుతుంది, తెలుగు గుర్తు ప్రతి ఒక్కదానికీ మూడు పడతాయి. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. సి భాష లెక్కపెట్టినవి బైట్లు.

ఇక నాలుగు. ‘మనిషి కంటికి ఒకటిగా కనిపించే అక్షరం’ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే సూత్రాలు కూడా యూనికోడ్ వాళ్ళు రాశారు. కానీ ఆ సూత్రాలు చాలాకాలం పొల్లు దగ్గర అక్షరాన్ని తెంచేసేవి. ల, క్, ష్, మి: నాలుగు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో తెలుగు, దేవనాగరి మొదలైన కొన్ని లిపులకు సంయుక్తాక్షరాన్ని తెంచకూడదనే సూత్రం చేర్చారు. కొత్త లైబ్రరీలు మా నాయనమ్మ చెప్పినట్లే రెండంటాయి. అంటే మా నాయనమ్మ లెక్కకు ఆమోదముద్ర పడటానికి ముప్ఫైరెండేళ్ళు పట్టిందన్నమాట!

ఇప్పుడు ‘వెంకటసుబ్బలక్ష్మి’ చూడండి. వెం, క, ట, సు, బ్బ, ల, క్ష్మి. ఏడక్షరాల పేరు. పదిహేను పట్టే చోట ఏడు పట్టవా? కానీ గుర్తులు లెక్కపెడితే పదిహేడు. పదిహేనో గుర్తు దగ్గర, సరిగ్గా మూడో పొల్లు మీద, కత్తిరించాను. ఇంకా తమాషా ఏమిటంటే, లేబులు సమస్య అక్షరాల సంఖ్యది కాదు, వెడల్పుది. ‘ఘ’ పట్టే చోటు ‘ర’ పట్టే చోటు ఒకటి కాదు. పేరును ముందు గీసి, ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో కొలిచి, చాలకపోతే ఫాంటు తగ్గించి, అప్పటికీ చాలకపోతే రెండో వరుసకు దింపాలి. అసలు పేరు కత్తిరించవలసిన పనే లేదు. అది అక్క సెలవునుంచి వచ్చాక రెండు నిమిషాల్లో చెప్పింది. ‘పదిహేను అన్నది ఆస్పత్రివాళ్ళు. వాళ్ళకు కావలసినది పదిహేను కాదు, లేబులు నిండకపోవడం. అడగాల్సింది’ అంది.

దీంతో బుద్ధి వచ్చిందనుకున్నాను. రాలేదు.

ఐదో వారంలో రెండో ఫిర్యాదు. కొన్ని పేర్లు వెతికితే దొరకడం లేదు. తెరమీద చూస్తే రెండు పేర్లూ ఒకలాగే వున్నాయి, ప్రోగ్రాము మాత్రం వేరంటుంది. చాలాసేపు తల బాదుకుని, గుర్తుగుర్తుగా విడదీసి చూశాను. ‘రాజ్‌కుమార్’ అనే పేరు ఒకచోట పదకొండు గుర్తులు, ఇంకోచోట పది. ఆ అదనపు గుర్తు కనిపించదు. దానికి వెడల్పే లేదు. ఇంగ్లీషులో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అంటే తాను కనిపించకుండా, పక్కపక్క హల్లులు కలిసి వత్తుగా మారకుండా ఆపే గుర్తు. అది లేకపోతే ‘జ’ కింద ‘క’ వత్తు పడి ‘రాజ్కుమార్’ అవుతుంది. తెరమీద అవి ఒకలాగే కనిపించడానికి కారణం, మా వెతుకుడు పెట్టెలో వాడిన ఫాంటు ఆ వత్తును సరిగ్గా కూర్చలేక రెండింటినీ విడిగానే చూపడం. ఫోన్లలో కొన్ని కీబోర్డులు ఆ గుర్తును వాటంతటవే చొప్పిస్తాయి, కొన్ని చొప్పించవు. శిబిరంలో ఒక కార్యకర్త ఒక ఫోనులో నమోదు చేస్తే, ఆస్పత్రి కౌంటరులో ఇంకొకరు ఇంకో కీబోర్డుతో వెతుకుతారు.

ఒక ముచ్చట చెప్పాలి. మా తాతగారు ఉత్తరాల్లో ‘కంప్యూటరు’, ‘బస్సు’, ‘కారు’, ‘సాఫ్టువేరు’ అని రాసేవారు. నేను నవ్వేదాన్ని. తెలుగు అజంత భాష, పదం చివర అచ్చు వుండి తీరాలి అనేవారాయన. ‘సాఫ్టువేరు’ అని రాస్తే ఆ కనిపించని గుర్తు అవసరమే లేదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాస్తేనే కావాలి! సరుకులకయితే తాతగారి పద్ధతి పెట్టుకోవచ్చు. మనుషుల పేర్లకు కుదరదు. తర్వాత జాబితా తీసి చూస్తే ఈ చిక్కులో పడ్డ పేర్లలో వెంకయ్యలు, లక్ష్ములు ఒక్కరూ లేరు. అబ్దుల్‌రహీం, రాజ్‌కుమార్ లాంటివే అన్నీ. ముస్లింలవి, క్రైస్తవులవి, ఉత్తరాది పద్ధతిలో పెట్టుకున్న ఈ కాలపు పిల్లలవి. పేరు చివరో మధ్యలోనో హల్లు ఆగే వాళ్ళందరూ. కావాలని ఎవరూ చేయకపోయినా, దొరకని పేర్లు కొందరివే అయ్యాయి. ఆ జాబితా చూసినప్పుడు కలిగిన ఇబ్బంది నాకు ఇప్పటికీ పోలేదు.

విరుగుడు నాకు వెంటనే తోచింది. ఆ కనిపించని గుర్తులన్నీ తీసేస్తే పోలె! పది లైన్ల స్క్రిప్టు రాశాను. పరీక్షల కోసం వుంచిన నకలు డేటాబేసుమీద నడిపి చూద్దామనుకున్నాను. ఆ నకలులో వున్నవి అరవై పేర్లు. ఉదయం పదకొండు గంటలకు నడిపాను. ‘412 పేర్లు మార్చబడినవి’ అని వచ్చింది.

అరవైలో నాలుగువందల పన్నెండు ఎలా మారతాయి? నకలు డేటాబేసు చిరునామాకు, ఆస్పత్రిలో నడుస్తున్న అసలు దాని చిరునామాకు ఒక్క అక్షరం తేడా. అంతకు రెండు గంటల ముందు ఫిర్యాదు చూడటానికి అసలుదాన్ని తెరిచాను. ముయ్యలేదు.

ఆ తర్వాత నలభై నిమిషాలు నేను ఎవరికీ చెప్పలేదు. సరిచేసేస్తే చెప్పే పనే వుండదు గదా అనుకున్నాను. కానీ తీసేసిన గుర్తు ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? ‘రాజ్కుమార్’లో అది వుండేదని నాకు తెలుసు, కానీ ఆ ఆరువేల పేర్లలో మొదటినుంచీ అది లేకుండా నమోదైన రాజ్కుమార్లూ వున్నారు. ‘అబ్దుల్రహీం’ను విడదీయాలి, ‘సుబ్బలక్ష్మి’ని విడదీయకూడదు. ఆ తేడా మనిషికి తెలుస్తుంది, స్క్రిప్టుకు తెలియదు. తీసెయ్యడం పది లైన్లు; తిరిగి పెట్టడం అసలు కుదరదు. చేతులు చల్లబడిపోయాయి. పదకొండూ నలభైకి లేచి అక్క దగ్గరకు వెళ్ళాను.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ‘ఎందుకు చేశావ్’ కాదు. ‘ఎన్ని? ఎన్నింటినుంచి?’ అంది. రెండో ప్రశ్న, ‘రాత్రి బ్యాకప్పు ఎన్ని గంటలది?’ ముందురోజు అర్ధరాత్రిది. నాలుగువందల పన్నెండులో 378 పేర్లు ఆ బ్యాకప్పులో వున్నాయి. రోగి నంబరు పట్టుకుని ఆ 378 పేర్లు మాత్రం వెనక్కి తెచ్చారు. సాయంత్రం నాలుగయింది. మిగిలిన 34 ఆ పొద్దున నమోదైనవి, బ్యాకప్పులో లేవు. అంతకంటే నన్ను కుదిపినది ఇంకొకటి. నేను నోరు మూసుకుని కూర్చున్న ఆ నలభై నిమిషాల్లో, పాత రోగులు నలుగురు పరీక్షకు వచ్చి, పేరు దొరక్క, కొత్తవాళ్ళుగా నమోదయ్యారు. కొత్త నంబరు, ఖాళీ చరిత్ర.

‘రేపు ఆస్పత్రికి వెళ్ళు. ఆ ముప్ఫైనాలుగూ నువ్వే కూర్చుని సరిచెయ్యి’ అంది అక్క. శిక్షగా చెప్పిందో పనిగా చెప్పిందో నేనడగలేదు. మరునాడు పొద్దున్నే ఎం.జి.బి.ఎస్.లో బస్సెక్కాను.

ఆస్పత్రి కౌంటరులో కూర్చునే అమ్మాయి నా వయసుదే. ఇంటర్ చదివింది. కంప్యూటరు పక్కన పొడుగు రిజిస్టరు పెట్టుకుని, టైపు చేసినది ప్రతిదీ అందులోనూ రాస్తుంది. కంపెనీ వాళ్ళు ఆ రిజిస్టరు మానెయ్యమని రెండుసార్లు చెప్పారట! మానలేదు. ఆ ముప్ఫైనాలుగు పేర్లు ఆ రిజిస్టరులోనే దొరికాయి. నేను ఒక్కొక్కటీ చూసి ఎక్కిస్తుంటే పక్కనుంచి సరిచేసింది. ‘పేరు కొడ్తే దొర్కదు మేడం. నేనెప్పుడు పేరు కొట్ట. ఊరు కొట్టి, వయసు చూసి పట్టుకుంట’ అంది. ఫోను నంబరుతో వెతకవచ్చుగదా అన్నాను. అది కొడుకుదో మనవడిదో వుంటుందట; ఒక నంబరుమీద ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు. మేం మాదాపూర్‌లో గొప్పగా తయారుచేసిన వెతుకుడు పెట్టెను ఆ అమ్మాయి మూణ్ణెల్లుగా వాడటమే మానేసింది. ఆ సంగతి మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.

కొత్త నంబరు పడిన నలుగురిలో ఒక పెద్దాయన ఆ రోజు మళ్ళీ వచ్చాడు. ముందు రోజు డాక్టరుగారికి ఆయన పాత వివరాలు తెరమీద కనపడలేదు. సుగరు వుందా, ఏ చుక్కలు వాడుతున్నావు అంటే, ‘అన్నీ గా చీటీల్నే ఉన్నయ్ బిడ్డా’ అన్నాడట. పాత ఫైలు గదిలో నర్సు వెతికి కాగితం తెచ్చేసరికి పన్నెండుగంటలకు రావలసిన మనిషికి మూడయింది. ఆఖరి బస్సు పోయిందో ఏమో, రాత్రి ఆస్పత్రి వరండాలోనే పడుకున్నాడు. నేను ఆ అమ్మాయి పక్కన కూర్చుని వున్నాను. నేనెవరో ఆయనకు తెలియదు. చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నంబరు సరిచేసి, పాత చరిత్ర కలిపి, చీటీ అచ్చువేసి ఇచ్చాను. పేరు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. ‘ఇది సరిగ్గున్నది’ అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చాక చివరి రెండు వారాలు చేసినది చాలా చిన్న పని, కానీ సరైన పని అనుకుంటున్నాను. పేరును ముట్టుకోలేదు. ఎవరు ఎలా చెప్పి ఎలా రాయించుకున్నారో అలాగే వుంటుంది. చీటీమీద అదే అచ్చవుతుంది. దాని పక్కన వెతకడానికి మాత్రం ఇంకో గడి పెట్టాం. అందులో కనిపించని గుర్తులు తీసేసి, ఒకే అక్షరాన్ని రెండు విధాల రాసే వీలున్న చోట ఒకే విధానికి తెచ్చి దాస్తాం. ఉదాహరణకు ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, కింది ముక్క అని రెండుగానూ రాయవచ్చు. కంటికి తేడా లేదు. యూనికోడ్‌లో దీన్ని సరిచేసే పద్ధతి తయారుగానే వుంది, ఎవరూ వాడకపోవడమే. వెతికేవాళ్ళు కొట్టినదాన్ని కూడా అలాగే మార్చి, ఆ గడితో పోలుస్తాం. ఆ గడి ఎవరికీ కనిపించదు. పాడయితే చెరిపేసి అసలు పేర్లనుంచి మళ్ళీ తయారుచేసుకోవచ్చు. నేను తీసెయ్యాలనుకున్నది తప్పు గుర్తులు కాదు, తప్పు గడి.

సందేశాల సంగతి కూడా అప్పుడే పట్టుకున్నాం. ఫోనుకు పంపే ఎస్.ఎం.ఎస్. ఇంగ్లీషులో అయితే 160 గుర్తులు పడుతుంది. తెలుగయితే 70. డెబ్భైఒకటో గుర్తు వచ్చిందంటే రెండు సందేశాల ఖర్చు. ఇంతకుముందున్న సందేశం మర్యాదలతో, ఆస్పత్రి పూర్తిపేరుతో మూడు సందేశాల పొడుగుండేది. దాన్ని ‘రేపు ఉదయం 9 గంటలకు కంటి పరీక్షకు రండి. పాత చీటీ తీసుకురండి.’ అని మార్చాం. ఖాళీలతో సహా 59 గుర్తులు. మాట మార్చినంత మాత్రాన అయిపోదు. 2018 నాటి టెలికాం నియంత్రణ సంస్థ నిబంధనల ప్రకారం సందేశం నమూనాను ముందుగా నమోదు చేయించాలి. ఆ కాగితాలు తిరిగేసరికి నా శిక్షణ అయిపోయింది. ‘పాత చీటీ’ అన్న మాట కౌంటరు అమ్మాయి సలహా. ‘ఓ.పి. కార్డు’ అంటే ఎవరికీ తెలియదంది.

అకారాది క్రమం జోలికి మాత్రం పోలేదు. పేర్లను గుర్తుల అంకెల ప్రకారం పేరిస్తే ‘ళ’ వచ్చి ‘వ’కు ముందు కూర్చుంటుంది. మన వర్ణమాలలో అది ‘హ’ తర్వాత కదా! భారతీయ లిపులన్నింటికీ ఒకే చట్రం పెట్టినప్పుడు దేవనాగరి వరుసలో మన అక్షరాలను సర్దినందువల్ల వచ్చిన తిప్పలు ఇవి. దీనికీ విరుగుడు వుంది, తెలుగు క్రమం వేరుగా ఇవ్వవచ్చు. ఆసక్తివున్న తెలుగు శాఖ మిత్రులతో కలిసి దీనిమీద ఒక సాయంత్రం చర్చ పెట్టుకోవచ్చు.

అసలు డేటాబేసు తాళం శిక్షణకు వచ్చిన పిల్ల చేతికి ఎందుకిచ్చారు అని మా నాన్న అడిగాడు. నిజమే, ఇవ్వకూడదు. ఆ తర్వాత తీసేశారు కూడా. ఇప్పుడు అసలుదానిమీద ఏది నడపాలన్నా ఇద్దరు ఒప్పుకోవాలి. కానీ తాళం ఎవరిచ్చినా, నలభై నిమిషాలు నావే.

మిగిలిపోయిన పని ఒకటి వుంది. ‘వెంకటేశ్వర్లు’, ‘వెంకటేశ్వరులు’, ‘సుబ్బారావు’, ‘సుబ్బరావు’, ‘సరోజనమ్మ’, ‘సరోజినమ్మ’. ఇవి కీబోర్డు తేడాలు కావు, పలుకుబడి తేడాలు. ఒకే మనిషి పేరు శిబిరంలో ఒకలా, ఆస్పత్రిలో ఒకలా పడుతుంది. ఇద్దరు వేరు మనుషుల పేర్లు కూడా ఇలాగే వుండవచ్చు, అదే ప్రమాదం. దీన్ని చివరి సంవత్సరం ప్రాజెక్టుగా తీసుకున్నాను. మా గైడు గారు ఒప్పుకున్నారు. ఇప్పటికి రెండువందల జంటలు పోగుచేశాం, అన్నీ మన క్లాసువాళ్ళ నాయనమ్మలవి, అమ్మమ్మలవి. ఇంకా కావాలి. ముఖ్యంగా షేక్, సయ్యద్, మేరీ, జాన్ పేర్లున్న ఇళ్ళనుంచి, లంబాడా తండాలనుంచి వచ్చిన మిత్రులు మీ ఇంటి పెద్దల పేర్లు రేషను కార్డులో ఒకలా, ఆధారులో ఒకలా, పట్టాదారు పుస్తకంలో ఇంకోలా వుంటే ఆ రూపాలు మాత్రం రాసి ఇవ్వండి, నంబర్లు వద్దు. శనివారాలు మూడు తర్వాత రెండో అంతస్తు ల్యాబులోనే వుంటాం.